అవస్థ అభ్యంగనానికి అనుమతి

మా తంగెళ్లపాలెం విచారణలో కుక్క లేకుండా జ్ఞానస్నానం చెల్లదు.

ఈ మాట వినగానే నవ్వేవాళ్లున్నారు. వాళ్లతో నేను వాదన పెట్టుకోను. దస్త్రం తీసి పద్దెనిమిదో పేజీ చూపిస్తాను. అక్కడ నీలం సిరాతో, నా చేతిరాతతో, ముగ్గురు సాక్షుల సంతకాలతో ఇలా ఉంటుంది: "తొట్టి వద్ద నల్లని శునకము ఒకటి ఉండవలెను. గురువు దానిని మూడు మార్లు గద్దింపవలెను." కింద మేత్రాసన కార్యాలయం వారి, అంటే బిషప్ గారి ఆఫీసు వారి, గుండ్రటి ముద్ర ఉంది. ముద్ర పడ్డాక ఇక నవ్వడానికి ఏముంది?

విచారణ అంటే ఒక గురువు కింద ఉండే గుడి, దాని జనం. నేను ఈ విచారణకు ఉపదేశిని. పేరు లూర్దయ్య. ముప్ఫై ఒక్క ఏళ్లుగా పిల్లలకు జపాలు నేర్పడం, గుడి గంట కొట్టడం, జ్ఞానస్నానాల పుస్తకం, పెళ్లిళ్ల పుస్తకం రాయడం నా పని. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది, దాచడం దేనికి.

అసలు ఇదంతా పట్నంలో ఉన్న ఒక గురువుగారి ఉత్సాహం వల్ల వచ్చింది. ఆయన ఒక పెళ్లిలో ఉంగరాలను డ్రోన్ మీద పీఠం దగ్గరికి దింపించారు. పెళ్లికొడుకు ఉంగరం బుద్ధిగా దిగింది. పెళ్లికూతురి ఉంగరం తెస్తున్న డ్రోన్ మాత్రం దారి తప్పి పంకాలో దూరింది. పంకా రెక్క ఊడి కానుకల పెట్టె మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ వీడియో సాయంత్రానికల్లా మేత్రాసనంలో ప్రతి ఫోనులోకీ చేరింది.

పెద్దలకు కోపం వచ్చింది. న్యాయమైన కోపమే. మనిషికి కోపం వస్తే నాలుగు కేకలేసి చల్లారతాడు. కార్యాలయానికి కోపం వస్తే కమిటీ వేస్తుంది, ఆ కమిటీ ఇక చల్లారదు. నెల తిరిగేసరికి 'దివ్యసంస్కారాల సంప్రదాయ పరిరక్షణ, ప్రామాణీకరణ సచివాలయం' అని ఒకటి వెలిసింది. దానికి కార్యదర్శి మోన్సిగ్నోర్ మెల్కియోర్ గారు. మోన్సిగ్నోర్ అంటే గురువుల్లో పెద్ద హోదా, అంగీకి ఊదారంగు అంచు ఉంటుంది. ఆయన తొమ్మిదేళ్లు రోములో ఉండి పీఠం మీద కొవ్వొత్తుల మధ్య ఎంత ఎడం ఉండాలన్న విషయం మీద డాక్టరేటు తెచ్చుకున్నారు. మొదటి సర్క్యులర్ ఆయన సంతకంతోనే వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త విచారణ గురువులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ప్రతి విచారణయందును దివ్యసంస్కారములు ఆ విచారణ స్థాపక గురువుల పద్ధతి ననుసరించియే జరుగవలెను. సదరు పద్ధతిని పెద్దల సాక్ష్యముతో దస్త్రమునందు నమోదు చేయవలెను. కలుపరాదు. తీసివేయరాదు. నమోదైనదే సంప్రదాయము. నమోదు కానిది నవీనము. నవీనము నిషిద్ధము."

చదివి నేను పొంగిపోయాను. ఇన్నాళ్లకు రాసేవాడి విలువ తెలిసినవాళ్లు వచ్చారనుకున్నాను. మా విచారణ గురువు ఫాదర్ బాలశౌరి గారు మాత్రం కాగితం రెండుసార్లు చదివి, మడిచి, "సరే ఉపదేశిగారూ, పెద్దలను పిలవండి" అన్నారు. ఆయనకు ముప్ఫై మూడేళ్లు. నెమ్మదస్తుడు. గురుపట్టం నాడు తన రెండు చేతులూ బిషప్ మేత్రాణులవారి చేతుల్లో పెట్టి విధేయుడనై ఉంటానని మాటిచ్చాడు, ఆ మాట తప్పే మనిషి కాదు.

మా స్థాపక గురువును ఇప్పటికీ గడ్డం ఫాదర్ గారనే అంటాం. ఇటలీ నుంచి వచ్చి, మా గుడి కట్టించి, ముప్ఫై ఏళ్లు ఇక్కడే ఉండి, ఇక్కడి మట్టిలోనే కలిసిన మనిషి. ఆయన్ను చూసిన పెద్దలను పిలిచాను. ఐదుగురు వచ్చారు, అందరూ మగవాళ్లే. ఆడవాళ్లను పిలవమని సర్క్యులర్‌లో లేదు, నాకూ తోచలేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ కాలంలో పూజ లాటిన్‌లో జరిగేది. గురువు పీఠం వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి నిలబడేవారు. కాబట్టి ఆయన ఏమన్నారో మా సాక్షులకు అర్థం కాలేదు, చేతులతో ఏం చేశారో కనపడలేదు. వాళ్లు చూసిందల్లా వీపు. ఆ వీపును మాత్రం ముప్ఫై ఏళ్లు క్షుణ్ణంగా చూశారు.

"ప్రసంగమయ్యాక మూడుసార్లు దగ్గేవోరు" అన్నాడు తొమ్మాసు. ఇతను గడ్డం ఫాదర్ గారి ఎద్దుబండి తోలినవాడి కొడుకు, ఎనభై ఆరేళ్లు. "నాలుగోది రానిచ్చేవోరు కాదయ్యా. ఆపుకునేవోరు. ఈపు చూత్తే తెలిసేది."

రాశాను.

"ఎడంకాలు ఈడ్చేవోరు. మా బండి చక్రమే ఎక్కింది గదా."

"ఇది కూడా రాయాలా?" అన్నారు ఫాదర్ బాలశౌరి.

"రాయాలి ఫాదర్. తీసివేయరాదు అని ఉంది."

"అంటే నేను కుంటాలా?"

"పీఠం దగ్గర్నుంచి ప్రసంగ వేదిక దాకా మాత్రమే ఫాదర్. పది అడుగులు."

పాపసంకీర్తనం పేరు ఎత్తగానే ఐదుగురూ ఒకే మాట చెప్పారు. మన పాపాలు వింటూ గడ్డం ఫాదర్ గారు ఆ చెక్కపెట్టె గదిలో కునుకు తీసేవారట. అది కూడా రాశాను. మొత్తం దస్త్రంలో మా ఫాదర్ గారికి కష్టం లేని నిబంధన అదొక్కటే.

తరవాత కుక్క. గడ్డం ఫాదర్ గారికి ఒక నల్లకుక్క ఉండేదనీ, బిడ్డ ఏడుపు వినగానే గుడిలోకి వచ్చేదనీ, ఆయన తొట్టి దగ్గర్నుంచే "పో, పో, పో" అనేవారనీ ముగ్గురు ప్రమాణం చేసి చెప్పారు. మా ఊళ్లో ఇప్పుడు నల్లకుక్క లేదు. టీ బంకు దగ్గర గోధుమరంగుది ఒకటి ఉంది. సచివాలయానికి రాశాం. "వర్ణ విషయమున రాజీ కుదరదు" అని జవాబు వచ్చింది. పొయ్యి మసి పూశాం.

మొదటి జ్ఞానస్నానం నాడు అది గుడి గడప దాటనంది. బిస్కెట్లు పెడితే వచ్చింది. ఫాదర్ గారు మూడుసార్లు గద్దించారు. బిస్కెట్లు పెట్టిన చోటు విడిచి ఏ కుక్క పోతుంది? నాలుగోసారి గద్దించడానికి దస్త్రం ఒప్పుకోదు. అది తీరిగ్గా తొట్టి కింద పడుకుని, లేచి ఒళ్లు విదిలించింది. పసిబిడ్డ తెల్లగౌను, బిడ్డను ఎత్తుకున్న జ్ఞానతల్లి పట్టుచీర, ఫాదర్ గారి అంగీ, అన్నీ మసి అయ్యాయి. "బిడ్డ మీద కన్నా కుక్క మీదే ఎక్కువ తీర్థం పడింది" అని బిడ్డ అమ్మమ్మ గొణిగింది. నేను వినిపించుకోలేదు. దస్త్రంలో 'జరిగినది' అని టిక్కు పెట్టాను.

పెళ్లి దగ్గర ఇంకో రకం తంటా. మా గుడి వెనకే రైలుకట్ట ఉంది. గడ్డం ఫాదర్ గారు వధువును 'నీకు సమ్మతమా' అని అడిగే వేళకు సరిగ్గా పది ఇరవై పాసింజర్ వచ్చేది. ఆ మోతలో ఏమీ వినపడదు కాబట్టి ఆయన చెయ్యెత్తి ఆగేవారు, రైలు దాటాక వధువు జవాబు చెప్పేది. నలుగురు సాక్షులు. నమోదైంది. ఆ పాసింజర్‌ను రద్దు చేసి చాలా ఏళ్లయిందని మేం సచివాలయానికి విన్నవించుకున్నాం.

"రైలును రద్దు చేయుట రైల్వేవారి అధికారము. సంప్రదాయమును రద్దు చేయుట వారి అధికారము కాదు. ఏదేని ఒక రైలు పోవువరకు వధువు వేచియుండవలెను."

ఎలీసమ్మ పెళ్లి నాడు పెళ్లికొడుకు సమ్మతమేనన్నాడు. ఫాదర్ గారు చెయ్యెత్తారు. అరగంటయింది, గంటయింది. చెయ్యి మార్చుకోవచ్చునా అని ఫాదర్ గారు నన్ను కళ్లతోనే అడిగారు, దస్త్రంలో కుడిచెయ్యి అని ఉందని నేను తల అడ్డంగా ఊపాను. వంటవాడు గుమ్మంలోకి వచ్చి పలావు అడుగంటుతోందన్నాడు. ఎలీసమ్మ ఇక పట్టలేకపోయింది.

"నాకు సమ్మతమే! నిశ్చితార్థం నాడే సమ్మతం! మజ్జెన రైలేందండీ, నేను చేసుకునేది ఆయన్నా, రైల్నా?"

'రైలుకు పూర్వము పలికినది, చెల్లదు' అని నేను రాసుకున్నాను. చెయ్యెత్తిన రెండు గంటల నలభై నిమిషాలకు బొగ్గు మోసుకుంటూ ఒక గూడ్సు వచ్చింది. యాభై ఎనిమిది పెట్టెలు. ఆఖరి పెట్టె దాటాక ఎలీసమ్మ చెప్పిన 'సమ్మతం' వింటే పెళ్లికొడుక్కి భయం వేసి ఉంటుంది.

పక్క విచారణ వాళ్లతో పోలిస్తే మేం అదృష్టవంతులమే. అక్కడి స్థాపక గురువు కోపిష్టి. ఒకసారి పీటల మీద కిళ్లీ నములుతున్న పెళ్లికొడుకు చెంప ఛెళ్లుమనిపించాడట. నమోదైంది. అక్కడ ఇప్పుడు పెళ్లిళ్లు బాగా తగ్గాయి.

ఇంతవరకూ నాకు ఏ సందేహమూ రాలేదు. ఆరోగ్యమ్మ అత్త పడిపోయాకే వచ్చింది.

ఆరోగ్యమ్మకు తొంభై ఒక్క ఏళ్లు. అరవై ఏళ్లపాటు పీఠం మీద గుడ్డలు ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేసిన మనిషి. ఆమె నాకు వరసకు అత్తే కాదు, ఊరందరికీ అత్తే. నోరు మహా చెడ్డది. పెరట్లో జారి తుంటి విరిగింది. గుంటూరు డాక్టర్లు ఈ వయసులో కత్తి పెట్టలేమని ఇంటికి పంపేశారు. మూడో రోజుకు అన్నం మానేసింది. కోడలు సలోమిని గుడికి పంపింది.

"సామిని రమ్మంది. అవస్థ అభ్యంగనం కావాలంట" అంది సలోమి, కళ్లు తుడుచుకుంటూ.

చావుబతుకుల్లో ఉన్నవాళ్ల నొసట గురువు పరిశుద్ధ తైలం రాసి ప్రార్థించే సంస్కారం అది. మా జనం దేనికైనా ఓర్చుకుంటారు, అది లేకుండా పోవడానికి మాత్రం ఒప్పుకోరు. ఫాదర్ గారు వెంటనే లేచి బీరువా తీసి తైలం సీసా చేతిలోకి తీసుకున్నారు. నేను దస్త్రం తెరిచాను. అరవై మూడో పేజీ ఖాళీ.

"ఫాదర్, ఇది నమోదు కాలేదు."

"ఎందుకు కాలేదు?"

"పొందినవాళ్లు సాక్ష్యం చెప్పాలి కదా ఫాదర్. గడ్డం ఫాదర్ గారి చేత ఇది పొందినవాళ్లంతా సమాధుల తోటలో ఉన్నారు."

ఆయన నా ముఖంలోకి చూశారు. "రెండు వేల ఏళ్లుగా రాస్తున్న నూనె ఉపదేశిగారూ. నేను రాస్తే నవీనమా?"

"మన విచారణలో రాశారని రుజువు లేదు ఫాదర్" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కానీ ఆ రోజు నా గొంతు ఖంగుమంటూ పలికింది.

ఆయన సీసా బీరువాలో పెట్టలేదు, అంగీ జేబులో వేసుకున్నారు. ఆ ముందు నెలలోనే వేరే విచారణలో, అక్కడి దస్త్రంలో ఉన్న మూడు దగ్గులకు బదులు రెండే దగ్గిన ఒక గురువుగారిని విచారణ నుంచి తప్పించి, సచివాలయంలో కవర్లు అంటించే పనికి వేశారు. ఆయన విచారణకు ఆరు వారాలు పూజ లేదు. అది మా ఇద్దరికీ గుర్తుంది. దరఖాస్తు రాయమన్నారు. రాశాను. జవాబు నాలుగు రోజులకు వచ్చింది.

"సదరు సంస్కారమును స్థాపక గురువుల చేత పొందిన సజీవ వ్యక్తి ఒకరినైన విచారించి సాక్ష్యము పంపవలెను. అంతవరకు రోగి సహకరింపవలెను."

రోగి సహకరించడమంటే బతికి ఉండడం. సలోమికి ఈ మాట ఎలా చెప్పాలో తెలియక నేను దానిమ్మకాయలు కొనుక్కుని వెళ్లాను. ఫాదర్ గారు రోజూ సాయంత్రం వెళ్లి మంచం పక్కన కూర్చుని జపమాల చెప్పేవారు. జపమాల నమోదైంది కాబట్టి దానికి అడ్డు లేదు. ఆరోగ్యమ్మ ఆయన వంక చూసేది కాదు, గోడ వైపు తిరిగి జపం చెప్పేది.

"సామీ, నేనేం తప్పు చేశా? నీ అంగీకి ఎప్పుడైనా గంజి తక్కువ పెట్టానా?" అని ఒకరోజు గోడతోనే అంది. ఫాదర్ గారు జపమాల చేతిలో నలుపుతూ కూర్చున్నారు. నేను కల్పించుకున్నాను. గడ్డం ఫాదర్ గారి చేత తైలం రాయించుకుని బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో విచారిస్తున్నామని, పైవాళ్లు అడిగారని సర్దిచెప్పబోయాను.

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. "నేనున్నా గదరా."

"అత్తా?"

"నాకు రాశారు గడ్డం సామి. పన్నెండేళ్లప్పుడు, కలరాలో."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవురు అడిగారు? మీటింగు పెట్టి ముసలోళ్లని పిలిచావు, కాఫీలిచ్చావు. నన్ను పిలిచావా?"

పరుగున వెళ్లి సచివాలయానికి ఫోన్ చేశాను. అవతల గంటసేపు సంప్రదింపులు జరిగాయి. మెయిల్ వచ్చింది. "దరఖాస్తుదారు తన విషయమున తానే సాక్షి కాజాలదు. అయినను ఇది అపూర్వ సమస్య గనుక కార్యదర్శివారు స్వయముగ విచ్చేయుదురు."

సలోమి గుడికి వచ్చిన పదకొండో రోజు పొద్దున మోన్సిగ్నోర్ గారి కారు వచ్చింది. వెంట ముద్ర, సిరాపెట్టె, మడతకుర్చీ. ఆరోగ్యమ్మ గదిలో మంచానికి ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. నేను దస్త్రం పట్టుకుని నేల మీద కూర్చున్నాను. ఫాదర్ బాలశౌరి గుమ్మంలో నిలబడ్డారు. అత్త ముఖం అప్పటికే మైనంలా అయిపోయింది. కళ్లు మాత్రం చురుగ్గానే ఉన్నాయి.

"అమ్మా, మీ సాక్ష్యం అమూల్యమని సచివాలయం గుర్తించింది" అన్నారు మోన్సిగ్నోర్ గారు. "కాని నిష్పాక్షికత అన్నది సాక్ష్యానికి ప్రథమాంగం. తమరు దరఖాస్తుదారు అయిన కారణంగా తమ వాంగ్మూలం స్వీకారార్హం కాకపోవడం మాకు మిక్కిలి విచారకరం."

"ఏందయ్యా లూర్దయ్యా ఈయన అనేది?"

"నూనె అడిగినోళ్లు సాక్ష్యం చెప్పకూడదంట అత్తా."

ఆమె నా ఒళ్లోని కాగితాల వైపు వేలు చూపించింది.

"అట్టాగా. అయితే నాకొద్దు. కొట్టేయ్."

"ఏం కొట్టేయమంటావ్?"

"నాకు నూనె కావాలని కాయితం పెట్టావుగా. అది కొట్టేయ్. నేనేం అడగటంలా."

"అత్తా, ఏందా మాట!" అని సలోమి ఘొల్లుమంది.

"నువ్వుండవే. ఏమయ్యా పెద్దసామీ, ఇప్పుడు చెప్పొచ్చా?"

మోన్సిగ్నోర్ గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. రోములో చదివిన తొమ్మిదేళ్లూ ఆ కనురెప్పల వెనక తిరిగాయి. "దరఖాస్తు ఉపసంహరణకు నిబంధనలలో అవరోధం లేదు. అట్టి పక్షమున సాక్ష్యం స్వీకారార్హం. ఉపదేశీ, నమోదు చేయండి" అన్నారు. ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది.

దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా గీత వంకర పోవడం అదే మొదలు.

"చెప్పండమ్మా. స్థాపక గురువులను ఎవరు పిలిపించారు?"

"ఎవురూ పిలవలా. మా నాయన అంతకుముందు రోజే పోయాడు. మా అమ్మ నా పక్కన పడుంది. ఊళ్లోవాళ్లు మా ఈదికి కంప అడ్డమేశారు, ఎవురూ రాకుండా, పోకుండా. పిలిచేదానికి ఎవురున్నారు? ఆ కంప తొక్కుకుంటా వచ్చారు. కాళ్ల నిండా ముళ్లు."

"ప్రార్థన గ్రంథము కుడిచేత పట్టుకొనిరా, ఎడమచేతనా?"

"పుస్తకం తేలా."

"మెడయందు వస్త్రము?"

"తువ్వాలుంది. దాంతోనే నా మూతి తుడిచారు."

మోన్సిగ్నోర్ గారు తన కాగితాల్లో ఏదో వెతికారు. "పాదము... ఎడమ పాదము ఈడ్చుట గమనించితిరా?"

"ఆ రోజు ఈడ్చలా. పరిగెత్తుకుంటా వచ్చారు."

"దగ్గు ఎన్నిమార్లు?"

"దగ్గలా. ఏడ్చారు."

మోన్సిగ్నోర్ గారు గొంతు సవరించుకున్నారు. "పైవారి అనుమతి పొందిరా?"

"ఏ పైవారి? మేత్రాణులుండే ఊరికి రెండు రోజుల పడవంట ఆ కాలంలో. పోయి అడిగి వచ్చేతలికి నా గుంట మీద గడ్డి మొలిచేది." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "బొటనేలితో నూనె తీసి ఇక్కడ రాశారు. మా అమ్మకీ రాశారు. అమ్మ తెల్లారి పోయింది. నేను బతికా. ఇద్దరికీ ఒకటే నూనె, ఒకటే ఏడుపు. అంతే. ఇంకేం లేదు, రాసుకో."

రాశాను. ఎవరును పిలువకయే వెళ్లవలెను. అనుమతి అడుగరాదు. గ్రంథము అక్కరలేదు. పరుగెత్తవలెను. దుఃఖము కలుగవలెను. మోన్సిగ్నోర్ గారు ఒక్కొక్క అంశం మీద వేలు పెట్టి చదివి, సిరాపెట్టె తెరిచి, అరవై మూడో పేజీ మీద ముద్ర గుద్దారు.

"నమోదైనది. ఇక ఇదే సంప్రదాయము. ఫాదర్, మీరు నూతన దరఖాస్తు సమర్పించండి. పదిహేను దినములలో అనుమతి—"

"అడగకూడదండీ" అన్నారు ఫాదర్ బాలశౌరి.

అందరం గుమ్మం వైపు తిరిగాం. ఆయన పదకొండు రోజులుగా జేబులో మోస్తున్న సీసా చేతిలో ఉంది.

"అనుమతి అడగరాదు. రెండో అంశం మోన్సిగ్నోర్ గారూ. ఇప్పుడే ముద్ర వేశారు."

"కాని ఆమె దరఖాస్తు ఉపసంహరించుకున్నది! ఇప్పుడు మిమ్మల్ని ఎవరూ పిలవలేదు కదా!"

"అవునండీ. అదే మొదటి అంశం."

గుమ్మానికీ మంచానికీ మధ్య నాలుగు అడుగులుంటాయి. ఆ నాలుగు అడుగులూ ఆయన పరుగెత్తారు. మోకాళ్ల మీద కూలబడి, బొటనవేలు తైలంలో ముంచి, ఆమె నొసట శిలువ గుర్తు వేశారు. ప్రార్థన చెప్పబోయి ఏడ్చేశారు. పదకొండు రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. ఆరోగ్యమ్మ చెయ్యి లేపి ఆయన తల మీద వేసింది.

"ఊరుకో సామీ. వచ్చావుగా."

మోన్సిగ్నోర్ గారు అరవై మూడో పేజీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికారు. జరిగినదాంట్లో తప్పు పట్టడానికి అక్కడ ఒక్క అక్షరం దొరకలేదు. ఫాదర్ గారు కళ్లు తుడుచుకుని ప్రార్థన ముగించారు. అందరికన్నా ముందు 'ఆమెన్' అన్న గొంతు ఎవరిదా అని చూస్తే, మోన్సిగ్నోర్ గారిదే. కుర్చీ దిగి మోకాళ్ల మీద ఉన్నారు. ఊదారంగు అంచుకు మట్టి అంటింది. నాకు ఆ మనిషి మీద అప్పటిదాకా ఉన్న భయం పోయి, ఎందుకో జాలేసింది.

ఆరోగ్యమ్మ తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజులూ సలోమిని తిట్టింది, దానిమ్మగింజలు తింది, తన శవానికి కప్పే గుడ్డకు గంజి ఎంత పెట్టాలో చెప్పింది. పదో రోజు పొద్దున్నే నిద్రలో పోయింది. ఊరంతా వచ్చింది.

సమాధుల తోట నుంచి తిరిగి వచ్చేసరికి గుడి మెట్ల మీద సచివాలయం వారి కవరు ఉంది. తంగెళ్లపాలెం దస్త్రంలోని అరవై మూడో పేజీని ఆదర్శంగా గ్రహించి మేత్రాసనమంతటా అమలు చేస్తున్నారట. గురువులు రోగుల దగ్గరికి ఇకమీదట పిలవకుండానే వెళ్లాలి. "పిలువకయే వెళ్లినట్లు రుజువుగా, 'నేను పిలువలేదు' అను ధ్రువపత్రముపై రోగి సంతకము మూడు ప్రతులయందు తీసుకొని, ఏడు దినములలో పంపవలెను." జతగా ఒక ఫారం. రోగి పేరు దగ్గర ఆరోగ్యమ్మ అని వాళ్లే టైపు చేసి పంపారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా దగ్గరికి వచ్చిన ఏ కాగితమూ నింపకుండా ఉంచలేదు, అంత విశ్వాసం నాకు కాగితం మీద. ఆ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టాను. ఏం చేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

ఫాదర్ గారు ఇంట్లోంచి సైకిల్ బయటికి తీస్తున్నారు. కాలవ అవతల తొమ్మాసు జ్వరంతో పడుకున్నాడని నాకు పొద్దుటే తెలుసు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. సమాధి దగ్గర తొమ్మాసు కనపడకపోవడం చూసుకున్నట్టున్నారు.

'ఎవరు పిలిచారు ఫాదర్' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. తైలం సీసా ఉందా అని మాత్రం అడిగి, సైకిల్ వెనక ఎక్కి కూర్చున్నాను.